డెంగీలో రక్తనాళాల లోపలి పొరకు ఏమవుతుంది?

[దృశ్యం: జ్వరం గ్రాఫ్. కొన్ని రోజులు పైనే నడిచిన గీత ఒక్కసారిగా కిందికి దిగుతుంది.]

వ్యాఖ్యానం: డెంగీ సోకినవారిలో సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఎక్కువమందికి అది కోలుకోవడానికి తొలి గుర్తే అయినా, కొద్దిమందికి మాత్రం సరిగ్గా ఆ గంటల్లోనే చేతులు కాళ్లు చల్లబడి, నాడి బలహీనపడి, రక్తపోటు పడిపోతుంది. పెద్దగా రక్తస్రావం కనిపించకపోయినా ఇలా జరగవచ్చు, ఎందుకంటే అప్పుడు నాళాల్లోంచి బయటికి పోతున్నది ప్రధానంగా ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం.

[దృశ్యం: కేశనాళిక అడ్డుకోత. గోడలోని కణాలు, వాటిపై సన్నని పూత.]

వ్యాఖ్యానం: ప్రతి రక్తనాళం లోపలి వైపునా ఎండోథీలియల్ కణాలు ఒకే వరుసగా పరచుకుని ఉంటాయి. పక్కపక్క కణాల అంచులను వీఈ-క్యాడ్హెరిన్ వంటి ప్రొటీన్లు కలిపి పట్టి ఉంచుతాయి. ఈ కణాల మీద, రక్తం తాకే వైపున, చక్కెర గొలుసులూ ప్రొటీన్లూ అల్లుకున్న గ్లైకోకాలిక్స్ అనే పూత ఉంటుంది. ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లను నాళంలోనే నిలుపుతూ, ఎంత ద్రవం బయటికి పోవాలో అదుపు చేయడంలో దీనిది పెద్ద పాత్ర. మామూలుగా గీసే బొమ్మల్లో ఈ పూత కనిపించదు గానీ, డెంగీని అర్థం చేసుకోవాలంటే దీన్ని వదిలేయడానికి వీల్లేదు.

వైరస్ ఈ కణాల్లోకి దూరి వాటిని చంపేస్తుందేమోనన్న అనుమానం సహజంగానే వస్తుంది. ప్రయోగశాలలో పెంచిన ఎండోథీలియల్ కణాలకు డెంగీ వైరస్ సోకుతుంది కూడా. అయితే రోగుల శరీరంలో అది ప్రధానంగా వృద్ధి చెందేది మోనోసైట్లు, మ్యాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాల వంటి రోగనిరోధక కణాల్లో. మరణించినవారి రక్తనాళాలను సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు, లీకేజీ తీవ్రతకు సరిపడేంత విధ్వంసం గోడల్లో కనిపించలేదు. అంతకన్నా బలమైన ఆధారం మరొకటి ఉంది: ఈ లీకేజీ సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో దానంతట అదే ఆగిపోతుంది. కణాలు పెద్ద సంఖ్యలో చనిపోయి ఉంటే గోడ అంత త్వరగా మునుపటి స్థితికి రావడం కష్టం. కాబట్టి చాలావరకు ఇది గోడ కూలిపోవడం వల్ల కాక, దాని పట్టు తాత్కాలికంగా సడలడం వల్ల వచ్చే సమస్య.

[దృశ్యం: ఆరు భాగాలు కలిసిన ఎన్‌ఎస్‌1 ప్రొటీన్ రక్తంలో తేలుతూ వచ్చి నాళపు గోడను తాకుతుంది.]

వ్యాఖ్యానం: ఆ పట్టును సడలించేవాటిలో ముఖ్యమైనది ఎన్‌ఎస్‌1 అనే వైరస్ ప్రొటీన్. సోకిన కణాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి. జ్వరం మొదలైన తొలి రోజుల్లో చేసే ఎన్‌ఎస్‌1 పరీక్ష వెతికేది దీన్నే. 2015లో ‘సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్’ పత్రికలో వెలువడిన పరిశోధనల్లో, వైరస్ లేకుండా ఎన్‌ఎస్‌1 ఒక్కటే ఎలుకల్లో రక్తనాళాల లీకేజీకి కారణం కాగలదని తేలింది. ఎండోథీలియల్ కణానికి అతుక్కుని లోపలికి చేరిన ఎన్‌ఎస్‌1, ఆ కణంలోని సయాలిడేజ్, కెథెప్సిన్-ఎల్, హెపరనేజ్ ఎంజైములను ఉసిగొల్పుతుంది. పైపూతలోని చక్కెర భాగాలైన సయాలిక్ ఆమ్లాన్నీ, హెపరాన్ సల్ఫేట్‌నూ ఈ సొంత ఎంజైములే కోసేస్తాయి. ఒక్క కణం కూడా చావకుండానే గోడ తన రక్షణను కోల్పోతుంది.

రోగనిరోధక కణాలు వదిలే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి సైటోకైన్లు, అంటే సంకేతాలు మోసే ప్రొటీన్లు, దీనికి తోడై, కణాల మధ్య అతుకులను వదులు చేస్తాయి. ఇంతకుముందు వేరే రకం డెంగీ వచ్చి తగ్గినవారిలో, అప్పటి యాంటీబాడీలు కొత్త రకాన్ని ఆపలేకపోగా, రోగనిరోధక కణాల్లోకి అది మరింత తేలిగ్గా ప్రవేశించేందుకు తోడ్పడవచ్చు. డెంగీకి 4 రకాలుండగా, రెండోసారి సోకినప్పుడు ప్రమాదం ఎక్కువ కావడానికి చెప్పే ప్రధాన వివరణ ఇదే.

[దృశ్యం: రెండు పరీక్ష గొట్టాలు. రెండోదానిలో ఎర్రకణాల మట్టం ఎక్కువ, పైనున్న ప్లాస్మా తక్కువ.]

వ్యాఖ్యానం: డెంగీ అనగానే అందరి చూపూ ప్లేట్‌లెట్ల సంఖ్య మీదే ఉంటుంది. వాటికీ నాళపు గోడకూ సంబంధం లేకపోలేదు: గోడను స్థిమితంగా ఉంచే ఆంజియోపొయెటిన్-1 ప్లేట్‌లెట్లలో నిల్వ ఉంటుంది, దానికి ఎదురు పనిచేసే ఆంజియోపొయెటిన్-2 ఎండోథీలియల్ కణాల్లో ఉంటుంది. తీవ్రమైన డెంగీలో మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. అయినా కేవలం సంఖ్య పడిపోయిందని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే లీకేజీ ఆగదు. సింగపూర్, మలేషియాలలో వయోజనులపై జరిపి, 2017లో ‘లాన్సెట్’లో ప్రచురించిన అధ్యయనంలో, ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావం కూడా తగ్గలేదు.

లీకేజీని పట్టిచ్చేది పీసీవీ (హిమటోక్రిట్), అంటే మొత్తం రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతం ఉన్నాయో చెప్పే కొలత. 40 ఉన్న పీసీవీ 48కి చేరిందంటే కొత్తగా ఎర్రకణాలు పుట్టాయని కాదు, వాటి చుట్టూ ఉన్న ప్లాస్మా తగ్గిందని అర్థం. ఈ 20 శాతం పెరుగుదలను వైద్యులు గణనీయమైన లీకేజీకి గుర్తుగా తీసుకుంటారు. బయటికి పోయిన ద్రవం ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో చేరుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే, జ్వరం తగ్గినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

[దృశ్యం: కణాల మధ్య ఖాళీలు మూసుకుంటాయి. బయటి ద్రవం తిరిగి నాళంలోకి చేరుతుంది.]

వ్యాఖ్యానం: గోడ మళ్లీ పట్టు తెచ్చుకున్నాక, బయటికి పోయిన ద్రవం క్రమంగా రక్తంలోకి తిరిగి వస్తుంది. పీసీవీ దిగుతుంది, మూత్రం బాగా వస్తుంది. అంతవరకు ప్రాణాన్ని నిలబెట్టిన సెలైన్‌ను ఈ దశలోనూ అదే వేగంతో ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. అందుకే నాడి, రక్తపోటు, మూత్రం, పీసీవీలను పదేపదే చూస్తూ వైద్యులు సెలైన్‌ను తగ్గించి, ఆపై నిలిపివేస్తారు.