బయానా, బైనామా, వీలునామా

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

నల్లగొండ కోర్టులో నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది సందుకలోంచి తీసిన కాగితం చేతిలో పట్టుకొని వస్తారు. మడతల కాడ చినిగి, రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర అలుక్కుపోయి ఉంటుంది. "భూమి కొన్న సారూ, బైనామా ఉన్నది" అంటారు. విప్పి చదివితే బయానా కాగితం!

రెండు మాటలూ చెవికి దగ్గరగానే వినిపిస్తాయి. బయానా అంటే బేరం కుదిరినప్పుడు ముందుగా ఇచ్చే పైకం. బైనామా అంటే అమ్మకపు దస్తావేజు. బయానా ఇచ్చి ఒప్పందం రాసుకున్నంత మాత్రాన భూమి మీద హక్కు రాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెప్పేది ఇదే. అమ్మినాయన రిజిస్ట్రేషన్‌కు రాకపోతే, ఒప్పందంలో రాసుకున్న గడువు తేదీ నుంచి 3 ఏండ్లలోపు దావా వెయ్యాలి. మనోడే గదా, రేపు చేస్తడులే అని ఆగితే ఆ 3 ఏండ్లు ఇట్టే గడిచిపోతాయి.

రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు మన పల్లెల్లో కొల్లలు. 2014 జూన్ 2కు ముందు కొని, 2020లో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు వాటిని క్రమబద్ధం చేసుకోవడానికి 2025 భూభారతి చట్టం దారి చూపింది. పాత దస్తావేజులో "కబ్జా ఇచ్చినాను" అని కనిపిస్తే బెదరకండి, అక్కడ దానర్థం స్వాధీనం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వీలునామా సంగతి. ఒక పెద్దమ్మ వచ్చింది. కొడుక్కు వీలునామా రాసిచ్చిన అనుకుంటున్నది. కాగితం పైన "దాన సెటిల్‌మెంటు" అని ఉంది. "నేను సచ్చినంకనే గద బిడ్డా వానికొచ్చేది?" అని అడిగింది. కాదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వీలునామా రాసినవాళ్లు పోయాకే అమలవుతుంది. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరుగా రాసిందే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పవు. పెద్దమ్మ రాసిచ్చినటువంటి దానపత్రం అట్లా కాదు. రిజిస్టరు అయి, అవతలివాళ్లు ఒప్పుకున్నారంటే హక్కు అప్పుడే పోయినట్టు.

దానమే ఇవ్వాలనుకుంటే, "నన్ను సాకాలి" అన్న షరతు అందులో రాయించండి. కొడుకు సాకకపోతే, 2007 వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గర ఆ దానాన్ని రద్దు చేయమని అడగడానికి ఆ వాక్యమే బలం. పెద్దమ్మ కాగితం నేను రెండుసార్లు చదివిన. ఆ వాక్యం లేదు.