బియ్యం డబ్బాలో జిరాక్స్

శ్రోతలకు నమస్కారం.

మా పెద్దమ్మ కొడుకు షార్జాలో టైల్స్ పని చేస్తాడు. ఊరు జగిత్యాల దగ్గర ఓ పల్లె. మూడేళ్ల కిందట చెల్లెలి పెళ్లికి వద్దామని టికెట్ కొన్నాడు. పెళ్లి ఇంకా పన్నెండు రోజులుందనగా, దుబాయ్ వెళ్లొస్తూ బ్యాగు బస్సులో మరిచిపోయాడు. అందులో చెల్లెలికి కొన్న వాచీ, ఒక ప్యాకెట్ ఖర్జూరాలు, పాస్‌పోర్ట్. పాస్‌పోర్ట్ ఎందుకు వెంట తిప్పావురా అంటే, "రూములో ఎనిమిది మందిమి అన్నా, ఎక్కడ దాచాలె?" అన్నాడు. అదీ నిజమే.

ముందు పోలీసుల దగ్గర, పాస్‌పోర్ట్ పోయిందని కాగితం రాయించాలి. అక్కడ అడిగింది పాస్‌పోర్ట్ నంబరు. ఒక ఇంగ్లిష్ అక్షరం, ఏడు అంకెలు. వీడికి గుర్తులేదు. నన్నడిగితే నాకూ గుర్తులేదు.

అక్కడ రాత్రి పది, మనకు పదకొండున్నర. పెద్దమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఏజెంటుకు ఇచ్చినప్పుడు తీసిన జిరాక్స్ ఉన్నదా? జర చూడవే." పెద్దమ్మకు చదువు రాదు. కానీ కొడుకు ఫొటో ఉన్న కాగితం కదా, కవర్లో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టింది. పక్కింటి పిల్లాణ్ని లేపి ఫొటో తీయించి పంపింది. ఆ ఫొటోలో ఓ మూల నాలుగు బియ్యం గింజలు కూడా పడ్డాయి. నేను చూశాను.

నంబరు దొరికింది. కానీ అది మొదటి పేజీ ఒక్కటే. అమ్మానాన్నల పేర్లు, అడ్రసు, ఫైల్ నంబరు ఉండేది చివరి పేజీలో. అడ్రసు అప్పుడెలా రాశారో, ఇంటి నంబరు వేశారో లేదో, దానికి ఇంకో రెండు రోజులు ఫోన్లు.

ఇంతలో రూములో వాళ్లు సలహా ఇచ్చారు: "ఔట్‌పాస్ తీసుకో, తొందరగా పోవచ్చు." ఔట్‌పాస్ అంటే మన కాన్సులేట్ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్. వీడు దాదాపు ఒప్పుకున్నాడు. లైన్లో నిలబడ్డ ఒక నిజామాబాద్ పెద్దాయన అడిగాడట, "మళ్లీ పనికి రావా బిడ్డా?" అని. ఔట్‌పాస్ ఇండియాకు పోవడానికే. ఒకవైపే. మళ్లీ చెబుతున్నాను, ఒకవైపే. ఇంటికి చేరాక దాని పని అయిపోతుంది. తిరిగి వెళ్లాలంటే ఇక్కడ కొత్త పాస్‌పోర్ట్ తీసుకోవాలి, అది చేతికొచ్చేదాకా అక్కడి పని ఆగాలి. వీసా చెల్లక, ఇక ఇల్లు చేరితే చాలు అనుకునేవాళ్లకు అదే దారి. వీడికి పని ఉంది, వీసా ఉంది, పెళ్లి అప్పు కూడా ఉంది. కొత్త పాస్‌పోర్ట్‌కే అప్లై చేశాడు. చెల్లెలి పెళ్లి లేబర్ క్యాంపులో మంచం మీద కూర్చుని వీడియో కాల్‌లో చూశాడు. ఆ నిర్ణయం సరైనదే అంటాను నేను. మా పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. మీవాళ్లెవరైనా బయటి దేశంలో ఉంటే, ఈ రాత్రే ఫోన్ చేసి పాస్‌పోర్ట్ ఫొటోలు పంపమనండి. మొదటి పేజీ, చివరి పేజీ, వీసా. చివరి పేజీ. ఆ ఫొటోలు వాళ్ల ఫోన్‌లోనే ఉంటే లాభం లేదు, బ్యాగుతో పాటు ఫోనూ పోవచ్చు. మీ దగ్గర ఉండాలి.

అన్నట్టు, ఆ బ్యాగు దొరికింది. నెల తర్వాత, బస్ డిపోలో. పాస్‌పోర్ట్ చెక్కుచెదరలేదు. కానీ పోయిందని రాసిచ్చి కొత్తది తీసుకున్నాక పాతది రద్దయినట్టే. దాంతో ఎయిర్‌పోర్ట్‌కు పోతే ఆపేస్తారు. వీడు దాన్ని కాన్సులేట్‌లో ఇచ్చేశాడు. వాచీ కూడా ఉంది. ఖర్జూరాలు మాత్రం లేవట.

సెలవు. నమస్కారం.