1840లో మొదలయ్యే పాఠం

అధ్యక్షులకు, సహాధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. చైనా విశ్వవిద్యాలయాల్లో ఆధునిక చరిత్రను ఎలా బోధిస్తున్నారో చెప్పమని నన్ను పిలిచారు. సమయం తక్కువ కనుక సరాసరి విషయానికి వస్తాను.

అక్కడ డిగ్రీ చదివేవారు ఇంజనీరింగు విద్యార్థులైనా, వైద్య విద్యార్థులైనా రాజకీయ సిద్ధాంత పాఠాలు తప్పనిసరిగా చదవాలి. 2005లో ఆ ప్రణాళికను మార్చినప్పుడు, మార్క్సిజం మూలసూత్రాల సరసన చైనా ఆధునిక, సమకాలీన చరిత్ర కూడా ఒక ప్రత్యేక పాఠ్యాంశమైంది. అది 1840లో, బ్రిటన్‌తో జరిగిన నల్లమందు యుద్ధంతో మొదలవుతుంది. చరిత్రను ఏ సంవత్సరం దగ్గర మొదలుపెట్టామో చెబితే, సగం పాఠం చెప్పినట్లే. 1840 దగ్గర మొదలుపెట్టాక ఆ యుద్ధాన్ని ముగించిన నాన్‌కింగ్ సంధి, 1919 మే 4న పెకింగ్ విద్యార్థుల ఊరేగింపు, 1921లో కమ్యూనిస్టు పార్టీ స్థాపన, 1949లో ఆ పార్టీ విజయం ఒకే దారిలో మైలురాళ్లుగా కనిపిస్తాయి. అవన్నీ జరిగినవే. అయితే ఆ దారి పక్కన ఉన్నవి విద్యార్థి కంటపడటం కష్టం.

ఇక్కడ నేను రాసుకున్న క్రమం వదిలి ఒక సంగతి చెప్పాలి. 1841 మే నెలాఖరున, ఆ యుద్ధం నడుస్తుండగా, దక్షిణ చైనాలోని కాంటన్ నగర శివార్లలోని సన్‌యువాన్‌లీ దగ్గర గ్రామస్థులు బ్రిటిషు సేనను చుట్టుముట్టారు. చైనాలో బడిపిల్లలు కూడా చదువుకునే ఘట్టమిది. నేనూ ఏళ్ల తరబడి 'బ్రిటిషు సేన' అనే చెప్పాను. ఒకరోజు వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ సిపాయిలు ఏ ఊళ్ల వాళ్లు?" అని అడిగింది. జవాబు కోసం గ్రంథాలయానికి వెళ్లాను. ఆ జడివానలో తుపాకులు తడిసి పేలక, తక్కిన సేనకు దూరమై చిక్కుకుపోయింది 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ అనే భారతీయ సిపాయిల పదాతిదళానికి చెందిన ఒక చిన్న దళం. మద్రాసు సైన్యంలోకి మన తెలుగు జిల్లాల నుంచీ మనుషులను తీసుకునేవారు. యుద్ధానికి కారణమైన నల్లమందులో అధిక భాగం మన దేశపు గసగసాల చేలలో పండినదే. మరుసటి రోజు తరగతిలో ఈ మాటలు చెబుతుంటే నా గొంతు పట్టుకుపోయింది.

ఆ అమ్మాయి ప్రశ్న లాంటివి చైనా తరగతి గదుల్లోనూ వినిపించాలని నా కోరిక. 1966లో మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవం దేశానికి తీవ్ర నష్టం చేసిందని 1981లో పార్టీయే తీర్మానించింది. ఆ తీర్మానాన్ని చదివించడంతో పాఠం పూర్తి కాదు. ఆ విప్లవంతో 1966లో ఆగిపోయిన విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షను 1977 డిసెంబరులో మళ్లీ పెట్టినప్పుడు సుమారు 57 లక్షల మంది రాస్తే, సీట్లు దక్కినది దాదాపు 2.7 లక్షల మందికి. వారిలో చాలామంది ఇప్పటి విద్యార్థులకు తాతలు, అమ్మమ్మలు. ఇంటికి వెళ్లి వారిని అడిగి రమ్మని చెప్పగలిగే ఉపాధ్యాయుడు కావాలి, ఆ విద్యార్థి రాసుకొచ్చినది పాఠ్యగ్రంథానికి సరిపోకపోయినా మార్కులు వేయగల ఉపాధ్యాయుడు కావాలి.

ఇక్కడున్న అధ్యాపకులను వేడుకునేది ఒక్కటే. వచ్చే వారం మీ ఎం.ఏ. తరగతిలో నల్లమందు యుద్ధం చెప్పేటప్పుడు, ఆ మద్రాసు దళం పేరు కూడా పలకండి. నమస్కారం.