తేలికపాటి స్కోప్ మౌంట్లు: ఏవి కొనాలి, ఎలా బిగించాలి

నమస్తే అండీ. గురి చూసే స్కోప్‌ని రైఫిల్ మీద పట్టి ఉంచేవే మౌంట్లు, ఈరోజు వాటి గురించే. టేబుల్ మీద ఉన్నది నా రైఫిల్, రెమింగ్టన్ 700, షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకు సరిపడేది), .308. బోల్ట్ (తూటాను ఛాంబర్‌లోకి తోసే కడ్డీ) బయటికి తీసేశాను, ఛాంబర్‌లోకి లైట్ వేసి చూశాను, మ్యాగజైన్ ఖాళీ, తూటాలు అసలు ఈ గదిలోనే లేవు. మీరు కూడా స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఇదే చేయండి.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకు ఒక మాట. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి ఇది మీకోసం చేసిన వీడియో కాదు. నేనుండేది కొలరాడోలో, ఇక్కడ లైసెన్సు, ట్యాగు (ఒక జంతువుకి ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని సీజన్‌లో వేటాడతాం. అమెరికాలోనే హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లు కామెంట్లలో అడుగుతుంటారు కదా, వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టంలో మామూలుగా నిషేధం, రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ లాయర్‌ని అడక్కుండా మాత్రం ముందుకెళ్లకండి.

సరే, మౌంట్ల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, రెండేళ్ల కింద సుమారు 9,500 అడుగుల ఎత్తులో, మంచులో, ఆడ ఎల్క్ ఒకటి దొరికింది నాకు. ఎల్క్ అంటే మన కణుజు కన్నా పెద్ద జంతువు. 180 గజాలు, బ్యాగు మీద రైఫిల్ ఆనించి, ఊపిరి నిలిపి, తీరిగ్గా కాల్చాను. తగల్లేదు. రెండు గంటలు మంచులో వెతికాం, నాతో వచ్చిన కర్నూలు అన్న, నేను, ఒక్క రక్తపు చుక్క కనపడలేదు. మర్నాడు వంద గజాల్లో అట్టముక్క పెట్టి కాలిస్తే మూడు తూటాలు మూడు చోట్ల పడ్డాయి, మధ్యలో ఏడు అంగుళాల తేడా. స్కోప్ పట్టుకుని కదిపితే ముందువైపు బేస్, అంటే రైఫిల్‌కి బిగించే మౌంటు అడుగు ముక్క, కదులుతోంది. ఒక షాపులో బిగించి ఇచ్చారు, నేను చూసుకోలేదు, అంతే. అది పూర్తిగా తప్పిపోయింది కాబట్టి సరిపోయింది, అదే తూటా కడుపులో తగిలి ఆ జంతువు రెండు రోజులు నరకం పడి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ప్రతి స్క్రూ నేనే బిగిస్తున్నాను.

ఇక మౌంట్లు. నా పాత సెట్ స్టీలుది, బేసులు రెండు, స్కోప్ చుట్టూ పట్టే రింగులు రెండు, కిచెన్ స్కేల్ మీద 190 గ్రాములు వచ్చింది. ఇప్పుడు పెడుతున్నవి టాలీ లైట్‌వెయిట్, బేసూ కింది రింగూ ఒకే ముక్కలో వచ్చే అల్యూమినియం మౌంట్లు, 60 గ్రాముల చుట్టూ ఉన్నాయి. మిగిలింది 130 గ్రాములు. నిజం చెప్తున్నా, 130 గ్రాములు ఒక్కటే అయితే భుజానికి తెలియదు. నాకు వీటిలో నచ్చింది బరువు కన్నా ఇంకొకటి: బేసుకీ రింగుకీ మధ్య అతుకు లేదు. వదులయ్యే చోటు ఒకటి తగ్గింది కదా.

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. తేలిక మౌంట్ కొని దాని మీద 30 ఔన్సుల స్కోప్ పెడతారు. తూటా పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది, స్కోప్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, ఆ లాగుడంతా మోసేది రిసీవర్‌లో (బోల్ట్ కదిలే రైఫిల్ మధ్య భాగంలో) దిగిన నాలుగు చిన్న స్క్రూలు. 700 మీద అవి 6-48 సైజు, అంటే మందం 3.5 మిల్లీమీటర్లు, ఇదిగో, అగ్గిపుల్ల కన్నా కాస్త లావు. స్కోప్ ఎంత బరువుంటే ఆ స్క్రూల మీద అంత లోడు. అందుకే నేను అంగుళం ట్యూబు ఉన్న లూపోల్డ్ 3.5-10x40 పెడుతున్నాను, సుమారు 13 ఔన్సులు. మీకు 34 మిల్లీమీటర్ల ట్యూబు, పెద్ద టరెట్లు (గురి సవరించే గుండీలు), దూరపు షూటింగ్ కావాలంటే ఇవి కాదు, పికాటినీ రైలు, అంటే వరుసగా గాడులున్న పొడవాటి బేస్, పెట్టుకోండి, బరువు ఒప్పుకోండి.

వీటిలో లోటు కూడా ఉంది. రైలు మీదైతే రింగులు ఒక గాడి ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. ట్యూబు పొట్టిగా ఉన్న స్కోప్‌ని లాంగ్ యాక్షన్ (పొడవు తూటాల) రైఫిల్ మీద పెడితే కంటికి సరైన దూరం కుదరకపోవచ్చు, కొనేముందు రెండు రింగుల మధ్య దూరం కొలుచుకోండి. ఎత్తు విషయానికొస్తే, స్కోప్ ముందు భాగం బ్యారెల్‌కి తగలకూడదు, బోల్ట్ పిడి పైకెత్తినప్పుడు స్కోప్ వెనక భాగానికి కొట్టుకోకూడదు, ఈ రెండూ తగలనంతవరకు ఎంత కిందికి ఉంటే అంత మంచిది, బుగ్గ స్టాక్ మీద సరిగ్గా ఆనుతుంది.

బిగిద్దాం. ముందు రిసీవర్ మీద ఆ రంధ్రాలూ, స్క్రూలూ ఆల్కహాల్‌తో తుడవండి, ఫ్యాక్టరీ నూనె జిడ్డు ఉంటే థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) పట్టదు. 700లో రిసీవర్ వెనక బ్రిడ్జ్, అంటే బేస్ కూర్చునే చోటు, ముందుదానికన్నా కిందికి ఉంటుంది, కాబట్టి ముందు మౌంటూ వెనక మౌంటూ ఒకటి కావు, తారుమారు చేయకండి. స్క్రూల పొడవు కూడా చూడండి, ఇది ముఖ్యం. ముందు స్క్రూ పొడవెక్కువైతే లోపలికి దిగి బోల్ట్ కదిలే దారిలో తగులుతుంది, బయటికి చూస్తే బిగిసినట్టే ఉంటుంది, కానీ అది బేసుని పట్టుకోవడం లేదు, అడుగున ఆగిపోయింది. బేస్ బిగించాక ఒకసారి బోల్ట్ పెట్టి ఆడించండి. ఎక్కడైనా పట్టేసినట్టుంటే స్క్రూ తీసి పొడవు చూడాల్సిందే.

బేస్ స్క్రూలకు నీలం థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క. టార్క్ డ్రైవర్ (ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే స్క్రూ డ్రైవర్) కచ్చితంగా కొనండి, నాది వీలర్ ఫ్యాట్ రెంచ్, 10 నుంచి 65 ఇంచ్-పౌండ్ల దాకా. ఇంచ్-పౌండ్లు, ఫుట్-పౌండ్లు కాదు, కారు చక్రాలకు వాడేది తెచ్చి ఇక్కడ పెడితే స్క్రూ తల ఊడి చేతికొస్తుంది. బేసులకు 20 పెట్టాను. రింగులకు 16, అక్కడ థ్రెడ్‌లాకర్ వేయను, పొడిగానే. మీ మౌంట్ డబ్బాలో వచ్చిన కాగితం మీద వేరే అంకె ఉంటే నా మాట వదిలేసి ఆ అంకే పెట్టండి.

రింగులు పూర్తిగా బిగించకముందే కంటి దూరం చూసుకోవాలి. స్కోప్‌ని ఎక్కువ జూమ్‌లో పెట్టి, వేటకు వేసుకునే మందపాటి జాకెట్టే వేసుకుని, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి తెరవండి, నల్ల అంచు లేకుండా బొమ్మ మొత్తం కనపడాలి. కూర్చుని, పడుకుని కూడా చూడండి. కొండ ఎగువకి గురి పెడితే కన్ను స్కోప్‌కి ఇంకా దగ్గరవుతుంది, కనుబొమ్మ చీరుకుపోవడం అక్కడే జరుగుతుంది.

తర్వాత మట్టం. రైఫిల్‌ని రసమట్టంతో సమంగా పెట్టి, దూరంగా మేస్త్రీలు గోడ నిలువు చూసినట్టు దారానికి గుండు కట్టి వేలాడదీసి, స్కోప్‌లోని నిలువు గీత ఆ దారం మీద పడేదాకా తిప్పండి. వంద గజాల్లో కొంచెం వంకర ఉన్నా తెలియదు, నాలుగు వందల్లో టరెట్ తిప్పి కాల్చినప్పుడు తూటా పక్కకి పోతుంది. అప్పుడు రింగు స్క్రూలు ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా బిగించండి. రెండు వైపులా సందు ఒకేలా ఉండాలి, ఒక పక్కే బిగిస్తే స్కోప్ కూడా దానితో పాటే తిరిగిపోతుంది.

చివర్లో ప్రతి స్క్రూ తల మీద, పక్కన మౌంట్ మీద కలిసేలా గోళ్ల రంగుతో చిన్న గీత. మా ఆవిడది అడిగి తెచ్చాను. స్క్రూ కదిలితే గీత విరుగుతుంది, టార్చ్ వేస్తే చాలు క్యాంపులో కూడా తెలుస్తుంది.

రేంజ్‌లో ముందు 25 గజాలు. పావు ఎంఓఏ క్లిక్ (వంద గజాల్లో సుమారు పావు అంగుళం జరిపేది) స్కోప్ అయితే అక్కడ అంగుళం జరపడానికి 16 క్లిక్కులు తిప్పాలి, వంద గజాల్లో అదే అంగుళానికి 4 చాలు. నేను 60 తూటాలు కాల్చాను, ఆ తర్వాత రైఫిల్‌ని ట్రక్కులో వేసుకుని గుంతల మట్టి రోడ్డు మీద రోజంతా తిరిగి, మళ్లీ వచ్చి చల్లటి బ్యారెల్‌తో మొదటి తూటా కాల్చాను. జీరో, అంటే సరిచేసి పెట్టుకున్న గురి, ఉన్నచోటే ఉంది, గీతలన్నీ కలిసే ఉన్నాయి. తేలిక రైఫిల్, తేలిక స్కోప్ ఉన్నవాళ్లకు ఈ మౌంట్లు ధైర్యంగా కొనమనే చెప్తాను. అక్టోబర్‌లో ట్యాగు వస్తే ఇవే కొండెక్కుతాయి, వెళ్లే ముందు రోజు ఆ ఎనిమిది రింగు స్క్రూల గీతలూ మళ్లీ ఒకసారి చూసుకుంటాను.