ర్యాంకు వారిది, అప్పు మనది: సీఎస్‌ఈ సీటు అసలు లెక్క

నమస్కారం. ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలు దాటి కిందికి వచ్చాక, కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకును చూసి సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటుకు అదనంగా కట్టే ప్రతి రూపాయీ మీ బిడ్డ చదువుకు కాదు, ఆ సంస్థ తదుపరి ర్యాంకుకు పెట్టుబడిగా పోతున్నది. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి మంగళగిరి దాకా హోర్డింగులు కట్టించినవారికి ఈ మాట రుచించకపోవచ్చు. అయినా ఈ రోజు మొత్తం ఇదే చెబుతాను.

ఆ ర్యాంకులోని 100 మార్కులు ఎలా పంచారో చూడండి. బోధనకు, వనరులకు 30, పరిశోధనకు 30, ఉత్తీర్ణత, ఉద్యోగాల వంటి ఫలితాలకు 20, అన్ని వర్గాలకూ అవకాశం కల్పించినందుకు 10, పేరు ప్రతిష్ఠలకు 10. పేద విద్యార్థులకు ఇచ్చే ఫీజు మినహాయింపుకు కొద్దిపాటి మార్కులు ఉన్నాయి గానీ, మీరు ఎంత కడుతున్నారన్న దానికి ఎక్కడా గడి లేదు. పైగా, సంస్థ విద్యార్థుల కోసం ఎంత ఖర్చు పెట్టిందన్నది బోధన విభాగంలో మార్కులు తెస్తుంది. ఆ ఖర్చు ఎవరి జేబులోంచి వచ్చిందని అడిగేవారు లేరు. ఫీజు పెరిగితే ఖర్చు చూపించవచ్చు, ఖర్చు చూపిస్తే మార్కు వస్తుంది, మార్కు వస్తే ర్యాంకు ఎక్కుతుంది, ఎక్కిన ర్యాంకును చూపించి మళ్లీ ఫీజు పెంచవచ్చు. నన్ను అడిగితే, ప్రైవేటు సంస్థల ర్యాంకుల పరుగుకు ఇంజిన్ ఇదే.

ఈ లెక్కలకు ఆధారమైన వివరాలలో అధిక భాగం సంస్థలే సమర్పిస్తాయన్న వివాదం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లిన సంగతి మీకు తెలుసు. కళాశాలల నాణ్యతను తనిఖీ చేసి ఇచ్చే న్యాక్ గ్రేడు వేరే వ్యవస్థే అయినా, 2025 ఫిబ్రవరిలో ఆ గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై సీబీఐ తనిఖీ బృందం సభ్యులనే అరెస్టు చేసినప్పుడు, గ్రేడు పేరుతో సీట్లు అమ్మినవారెవరూ మీకు ఫోను చేసి సంజాయిషీ చెప్పలేదు కదా!

ఇంకొక మాట. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఇంజనీరింగ్ మొత్తానికి ర్యాంకు ఇస్తుంది. సీఎస్‌ఈకి విడిగా ర్యాంకు లేదు. 2024-25 నుంచి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బాగా నడుస్తున్న సంస్థలకు సీట్ల పరిమితి ఎత్తివేసింది కనుక, ఒకే కళాశాలలో సీఎస్‌ఈ సెక్షన్లు ఎన్నైనా పెరగవచ్చు. ర్యాంకు తెచ్చిన ప్రొఫెసరు మీ అమ్మాయి సెక్షనుకు డేటా స్ట్రక్చర్స్ చెబుతారా, నిరుడు ఎంటెక్ ముగించుకుని చేరిన కుర్రవాడు చెబుతాడా అన్నది ఆ జాబితాలో ఉండదు. ర్యాంకు చూసి సెక్షను ఎంచుకోవడం, ఊరేగింపులో ఏనుగును చూసి పెళ్లికొడుకును మెచ్చుకోవడమే.

అసలు దేశంలో ఈ ర్యాంకులు వచ్చిందే 2016లో. కానూరు సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల 1977లో, చౌడవరం ఆర్‌వీఆర్ అండ్ జేసీ 1985లో మొదలయ్యాయి. అక్కడ చదివి అమెరికా వెళ్లిన మన బాబాయిలూ పిన్నులూ ఏ ర్యాంకు చూసి చేరారు?

ఇప్పుడు డబ్బు సంగతి. ప్రవేశ పరీక్ష ర్యాంకుతో ప్రభుత్వ కౌన్సెలింగులో సీటు వచ్చే కన్వీనర్ కోటాలో ప్రైవేటు కళాశాల ఫీజు ప్రభుత్వ కమిషన్ సిఫారసుతో ఖరారవుతుంది, అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో ఆ రీయింబర్స్‌మెంట్ లేదు. ఏడాదికి 60 వేల సీటు వదులుకుని 3 లక్షల సీటు తీసుకున్నారనుకుందాం. నాలుగేళ్లలో తేడా 9 లక్షల 60 వేలు, హాస్టలు కాకుండానే. 10 లక్షల అప్పును 10 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,200. చదువుకునే కాలంలో పెరిగిన వడ్డీ దీనికి అదనం. పెద్ద ఐటీ కంపెనీలు మూకుమ్మడిగా తీసుకునే తొలి స్థాయి ఉద్యోగానికి జీతం ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే కొన్నేళ్లుగా తచ్చాడుతున్నది, అంటే నెలకు 30 వేలు కూడా నిండదు. ఆ కొలువుకు ఏ కళాశాల నుంచి వెళ్లినా జీతం అంతే.

ర్యాంకుకు డబ్బు విలువ ఉన్న చోటు ఒకటుంది, ఒప్పుకుంటాను. పీఎం విద్యాలక్ష్మి పథకంలో తొలి 100 ర్యాంకుల సంస్థల్లో చేరే విద్యార్థులకు తాకట్టూ హామీదారూ అక్కర్లేని రుణం దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అయితే తీసుకున్న అసలు మొత్తం తగ్గదు, తగ్గేది వడ్డీయే!

కళాశాల వెబ్‌సైటులో అట్టడుగున ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని చిన్న అక్షరాలలో ఉంటుంది. నొక్కితే, వారు సమర్పించిన పీడీఎఫ్ పత్రం తెరుచుకుంటుంది. అందులో నాలుగేళ్ల కోర్సు పట్టికకు వెళ్లి, ఎందరు చేరారు, ఎందరు సమయానికి పాసయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత అన్న వరుసను చదవండి. హోర్డింగుపై 40 లక్షల ప్యాకేజీ ఒక్కరిది కావచ్చు. ఈ మధ్యస్థ జీతం ఉద్యోగం వచ్చినవారిలో నడిమి మనిషిది. అన్ని బ్రాంచీలూ కలిపి ఉన్న అంకె కనుక సీఎస్‌ఈది విడిగా రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే అదే సమాధానం. నాలుగేళ్ల మొత్తం ఫీజును ఆ ఏడాది జీతంతో భాగించండి; వచ్చేది రెండును మించితే, అంటే ఫీజు రెండేళ్ల జీతాన్ని దాటితే, ఆ పేరును మీ కౌన్సెలింగు వెబ్ ఆప్షన్లలో కిందికి దించండి.

వచ్చే వీడియోలో గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల కళాశాలల పత్రాలను తెరమీద తెరిచి ఒక్కొక్క వరుసా చదువుతాను. ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపే అది మీ ముందుంటుంది.