పదిమంది కూర్చున్న గదిలో పాట

(తిరుపతిలో సంగీతం నేర్చుకుంటున్న పెద్దలు, పిల్లలు నెలకోసారి కలిసి పాడుకునే కూటంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పాడబోయే ముందు పట్టుకునే దడ గురించి మాట్లాడమన్నారు. వెంటనే ఒప్పుకున్నాను. మన ఊళ్లో సంగీతం నేర్చుకునేవాళ్లకు కొదవ లేదు. 1959 నుంచి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, వీధికొక పాటల క్లాసు ఉంది. కానీ నేర్చుకున్నది నలుగురి ముందు పాడేవాళ్లు ఎంతమంది? గొంతు బాగుంటుంది, జ్ఞానం ఉంటుంది, రోజూ సాధన చేస్తారు. తీరా "ఒక కీర్తన పాడమ్మా" అంటే "ఇంకోసారి పాడతాలెండి" అని వంటింట్లోకి వెళ్లిపోతారు. అలాంటివాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పాట అంతా ఏమైపోతున్నట్టు?

చిన్న సభ కదా, తేలిక అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. మహతి ఆడిటోరియం లాంటి పెద్ద వేదిక మీద లైట్లు మన మొహం మీద ఉంటాయి, కింద ఎవరు కూర్చున్నారో సరిగ్గా కనబడదు. ఇక్కడ చాప మీద, ఆరడుగుల దూరంలో మేనత్త, పక్కింటి ఆంటీ, పాఠం చెప్పిన గురువు గారు కూర్చుంటారు. ఎవరు కనుబొమ్మ ఎగరేసినా తెలిసిపోతుంది. ఎవరో గొంతు సవరించుకుంటే, మన శ్రుతి తప్పిందేమో అనిపిస్తుంది. పైగా వీళ్లందరినీ రేపు పొద్దున కూరగాయల బండి దగ్గర మళ్లీ చూడాలి.

తిరుపతిలో ఇంకో చిక్కుంది. ఇక్కడ అన్నమయ్య కీర్తన చెవిన పడనివాళ్లు లేరు. గుడి మైకులో అదే, బస్సులో అదే, పొద్దున టీవీ పెడితే అదే. మనం పల్లవి ఎత్తుకోగానే వినేవాళ్ల మనసులో ఒక రికార్డింగు మొదలవుతుంది. దాంతో మనల్ని పోల్చేస్తారని భయం. దీనికి నేను చెప్పేది ఒకటే. తాళ్లపాక వారి, అంటే అన్నమయ్య వంశం వారి, రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం రాయలేదు. ఈరోజు మనం పాడుకునే వరుసల్లో, అంటే బాణీల్లో, చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ గారు వంటి పెద్దలు గత శతాబ్దంలో కట్టినవి. ఒకే కీర్తన రెండు మూడు వరుసల్లో వినబడుతుంది. కాబట్టి మీరు నేర్చుకున్న వరుస ఎదుటివాళ్లు విన్న వరుసలా లేకపోతే అది తప్పు పాడినట్టు కాదు. ధైర్యంగా మీ పాఠం మీరు పాడండి.

ఇక దడ సంగతి. శరీరం ఏదో ప్రమాదం వచ్చిందనుకుని అడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, వేళ్లు చల్లబడతాయి, ఊపిరి పొట్ట దాకా దిగకుండా ఛాతీలోనే ఆగిపోతుంది. పాడేవాళ్లకు ఇందులో ప్రతి ఒక్కటీ దెబ్బే. ఊపిరి పైపైనే ఆడితే పొడుగు సంగతి, అంటే ఒక పాదాన్ని కొత్త మలుపుతో పాడే వరుస, మధ్యలో తెగుతుంది. గొంతు కండరాలు బిగిస్తే తారస్థాయిలో, అంటే పై స్థాయిలో, స్వరం నిలవదు. వయొలిన్ వాళ్లకైతే కమాను తీగ మీద వణుకుతుంది, నెమ్మదిగా లాగేకొద్దీ ఆ వణుకు ఇంకా బాగా వినబడుతుంది.

ఇది మీ ఒక్కరికే అనుకోకండి. పాబ్లో కాసల్స్ అని స్పెయిన్ దేశపు చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాయిద్యం) విద్వాంసుడు, 1876లో పుట్టి 1973 దాకా బతికినవారు, ప్రపంచమంతా చేతులెత్తి మొక్కిన మనిషి. ఆయనకు జీవితాంతం కచేరీ ముందు భయమే. 1901లో అమెరికాలో కొండ దిగుతుంటే బండరాయి పడి ఎడమ చేయి నలిగింది. అప్పుడు తన మనసులోకి వచ్చిన మొదటి మాట, హమ్మయ్య, ఇక చెల్లో వాయించక్కర్లేదు అని ఆయనే చెప్పుకున్నారు. చేయి బాగయ్యాక మళ్లీ వాయించారు, దశాబ్దాల పాటు వాయించారు. భయం పోలేదు, వాయిద్యమూ ఆగలేదు. 1987లో అమెరికాలోని సింఫనీ ఆర్కెస్ట్రాల సంగీతకారుల మధ్య ఒక సర్వే జరిగింది. గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడతామని 27 శాతం మంది చెప్పారు. ఉద్యోగంగా వాయించేవాళ్ల సంగతి అది. ఆ మాత్రల గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకెళతాను. ఆస్తమా ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. ఎవరో ఇచ్చారని వేసుకోవద్దు, డాక్టరు చెబితేనే.

నేను గట్టిగా నమ్మేది ఇదీ. భయం పోయాక పాడదామని ఎదురుచూస్తే ఆ రోజు రాదు. దడ ఉండగానే పాడటం సాధన చేయాలి. మనం రాగం సాధన చేస్తాం, తాళం సాధన చేస్తాం. చాప మీద కూర్చునే మొదటి రెండు నిమిషాలు మాత్రం ఎవరూ సాధన చేయరు. కంగారంతా ఉండేది ఆ రెండు నిమిషాల్లోనే. పల్లవి రెండోసారి పాడేసరికి చాలామందికి గొంతు దారిలో పడుతుంది.

అందుకని ఇంట్లో రోజూ దాన్ని ఒక పాఠంలా చేయండి. లేచి గుమ్మం బయటికి వెళ్లండి. లోపలికి వచ్చి, ఎదురుగా మనుషులు ఉన్నట్టే నమస్కారం పెట్టి కూర్చోండి. శ్రుతి పెట్టె ఆన్ చేయండి. ఇంట్లో 5 శ్రుతిలో, అంటే ఆ పెట్టెలో 5 అని పెట్టుకున్న స్థాయిలో, పాడేవాళ్లు సభలోనూ 5లోనే పాడాలి. ఆ ఉత్సాహంలో ఐదున్నర కూడా అందుతుందనిపిస్తుంది, మధ్యమ శ్రుతి (పంచమం బదులు మధ్యమం మోగేది) పెట్టుకుంటే బాగుంటుందేమో అనిపిస్తుంది, వినకండి. శ్రుతి మోగుతుండగా ఊపిరి మెల్లగా లోపలికి తీసుకుని, అంతకు రెట్టింపు సేపు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది శరీర ధర్మం. తర్వాత మీకు మాత్రమే వినబడేలా పెదాలు మూసి షడ్జం (స), మంద్ర పంచమం (కింది ప), మళ్లీ షడ్జం. తొందరపడకండి. వినేవాళ్లకు మీరు శ్రుతి కలుపుకుంటున్నట్టే ఉంటుంది, ఎవరూ గడియారం చూడరు.

ఇప్పుడు అసలు సంగతి, కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం. దడలో ఉన్న మనిషికి మామూలు వేగం నత్తనడకలా తోస్తుంది. గుండె పరిగెడుతుంటే దానికి తగ్గట్టు పాట ఎత్తుకుంటాం. పల్లవి దాకా బాగానే ఉంటుంది, చరణంలో మాటలు గుక్క తిప్పుకోనివ్వవు. దీనికి నా దగ్గర నేర్చుకునేవాళ్లతో నేను చేయించేది ఒకటుంది. పల్లవి ఎత్తుకునే ముందు, ఆ కీర్తనలో మాటలు బాగా దట్టంగా ఉన్న చరణం పాదాన్ని మనసులో పాడుకోమంటాను. అది హాయిగా సాగే వేగం ఏదో అదే ఆ పాట వేగం. ఆ వేగంలో చేత్తో ఒక ఆవర్తనం, అంటే ఒక పూర్తి చుట్టు, తాళం వేసి, ఆది తాళమైతే ఎనిమిది అక్షరాలూ పూర్తయ్యాక పల్లవి ఎత్తుకోవాలి. ఆ ఒక్క ఆవర్తనం మౌనం వినేవాళ్లకు ఇబ్బంది కాదు, ఇంకా శ్రద్ధగా వింటారు.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది. "ఇంట్లో బాగా వస్తాదిక్కా, ఇక్కడ కూర్చుంటే రాదు" అనేది ఎప్పుడూ. చూస్తే ఆమె కుడిచేయి తొడకు అతుక్కుపోయి ఉండేది, తాళం పడేదే కాదు, వేళ్లు చీర కుచ్చిళ్లు నలుపుతుండేవి. ఏమీ చెప్పకుండా, తాళం మాత్రం అందరికీ వినబడేట్టు వేయమన్నాను. చెయ్యి కదిలేసరికి భుజం వదులైంది, భుజం వదులయ్యేసరికి ఊపిరి దిగింది. గొంతు నిలకడ కోసం ఇంకేమీ చేయలేదు. మీలో తాళం సిగ్గుపడుతూ చీర కింద, చొక్కా కింద వేసేవాళ్లున్నారు. బయటికి వేయండి.

మరచిపోతామన్న భయం వేరు. అన్నమయ్య కీర్తనల్లో ఇది సహజం, ఎందుకంటే సాధారణంగా మూడు చరణాలూ ఒకే వరుసలో ఉంటాయి. వరుస చేయి పట్టి నడిపిస్తుంది గానీ మాట ఏదో చెప్పదు. రెండో చరణం మొదలుపెట్టి మూడో చరణంలోకి జారిపోతాం. చరణాల మొదటి మాటలు మూడూ ఒకదాని తర్వాత ఒకటి, పాట లేకుండా, నడుస్తూ చెప్పుకోండి. అర్థం తెలుసుకోండి, ఒక చరణం తర్వాత ఇంకోటి ఎందుకొచ్చిందో తెలిస్తే మనసు దారి తప్పదు. పుస్తకం ముందు పెట్టుకోవడం నామోషీ అనుకోవద్దు, ఇలాంటి కూటాల్లో అదేం తప్పు కాదు. ఫోన్ మాత్రం వద్దు. చరణానికి వచ్చేసరికి స్క్రీన్ ఆరిపోతుంది, లేకపోతే ఎవరో ఫోన్ చేస్తారు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

అయినా మరచిపోయారనుకోండి. పల్లవి ఉంది కదా. మన కీర్తన కట్టుబాటులోనే ఆ ఏర్పాటుంది, ఎక్కడికి వెళ్లినా పల్లవికి రావలసిందే. మాట తోచకపోతే చెయ్యి ఆపకుండా పల్లవి అందుకోండి. మృదంగం వాయించేవాళ్లకూ, వయొలిన్ వాళ్లకూ అది అలవాటైన దారే, క్షణంలో కలిసిపోతారు. నాలుక కరుచుకోవడం, తల కొట్టుకోవడం, "సారీ అండి" అనడం వద్దు. ఆ మాట అనేదాకా తప్పు జరిగిందని సగం మందికి తెలియదు.

దడను ముందే రుచి చూడటానికి ఒక పద్ధతి. మీ అపార్ట్‌మెంట్‌లో రెండంతస్తులు గబగబా ఎక్కి దిగి, గుండె కొట్టుకుంటుండగానే వచ్చి కూర్చుని పల్లవి పాడండి. ఆయాసంలోనూ శ్రుతి పట్టుకోవచ్చని ఒంటికి తెలుస్తుంది. అలిపిరి మెట్లెక్కే వాళ్లు గాలిగోపురం దగ్గర కూర్చోగానే ఒక పాదం పాడి చూడండి. అక్కడ భజన చేసుకునేవాళ్లు ఉంటారు, మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు. తర్వాత ఫోన్‌లో రికార్డు చేస్తూ, ఆ తర్వాత ఇంట్లో ఒక్కరిని కూర్చోబెట్టి, ఆపైన పక్కింటివాళ్లను పిలిచి పాడండి. కొత్తవాళ్లకు ఇంకో మంచి చోటు త్యాగరాజ ఆరాధన. పుష్య బహుళ పంచమి నాడు ఘనరాగ పంచరత్నాలు, అంటే త్యాగరాజు కట్టిన అయిదు పెద్ద కీర్తనలు, గోష్ఠిగానే (అందరూ కలిసి) పాడతారు, అయిదూ ఆది తాళమే. పెద్దల పక్కన కూర్చుని గొంతు కలపండి. వేదిక మీద ఊపిరి ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

పాడబోయేవాళ్ల చెవిలో చివరి నిమిషంలో "టెన్షన్ పడకు" అని చెప్పే పెద్దలకు ఒక విన్నపం. ఆ మాట పని చేయదు. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు "నాకు ఉత్సాహంగా ఉంది" అనీ, కొందరు "నాకు కంగారుగా ఉంది" అనీ పైకి అనుకుని పాట పాడారు. ఉత్సాహంగా ఉందని చెప్పుకున్నవాళ్లే బాగా పాడారు. గుండె కొట్టుకోవడం రెండింటిలోనూ ఉన్నదే, దాన్ని ఉత్సాహంగా తీసుకోవడమే తేడా. మీ పిల్లలతో "ఎంచక్కా పాడబోతున్నావు" అనండి, చాలు.

చివరగా వినేవాళ్లకు. చిన్న గదిలో పాడేవాళ్ల ధైర్యం సగం మీ చేతుల్లోనే ఉంటుంది. వాళ్లు శ్రుతి కలుపుకుంటున్నప్పుడు కబుర్లు ఆపండి. మీకు తెలిసిన పాటైనా ముందే మాట అందించకండి. పాట మధ్యలో కాఫీ గ్లాసులు తేవద్దని ఇంటివాళ్లకు చెప్పండి. వీడియో తీయాలంటే ముందు అడగండి, వద్దంటే ఫోన్ సంచిలో పెట్టేయండి. తీసినా, వాళ్లు సరేననకుండా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఈ ఒక్క కారణంతో పాడటం మానేసినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు, వాళ్లు మళ్లీ పాడాలని నా కోరిక.