బ్యాంకు షేర్లు: చౌకగా కనిపించేదంతా చౌకేనా?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: పెద్ద బ్యాంకుల షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీ పైకి పోతోంది, మన చేతిలో ఉన్న బ్యాంకు షేరు మాత్రం కదలడం లేదు. కూకట్‌పల్లి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండి. నేను ఒక ప్రభుత్వ బ్యాంకు షేరు బుక్ వాల్యూకి, అంటే బ్యాంకు ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలే విలువకి, 0.9 రెట్ల దగ్గర కొన్నాను. మా బావమరిది ఒక ప్రైవేటు బ్యాంకుది 2.5 రెట్లకి కొన్నాడు. చౌకగా కొన్నది నేను, పెరుగుతున్నది వాడిది!

విశ్లేషకురాలు: మీరనుకున్నంత తేడా లేదండి. మీ బ్యాంకు బుక్ వాల్యూ మీద ఏడాదికి 9 శాతం, ఆయనది 17 శాతం సంపాదిస్తున్నాయనుకుందాం. 0.9ని 9 శాతంతో భాగిస్తే, మీరు పెట్టిన ధర లాభానికి 10 రెట్లు. 2.5ని 17 శాతంతో భాగిస్తే దాదాపు 15 రెట్లు. ఇందాక మూడు రెట్లకు దగ్గరగా కనిపించిన తేడా ఒకటిన్నర రెట్లకి దిగింది. పైగా ఆ రెండో బ్యాంకు లాభాన్ని మళ్లీ అప్పులుగా ఇచ్చి వేగంగా పెరగగలదు.

మాజీ బ్యాంకు అధికారి: ఒక్క మాట మేడమ్. బుక్ వాల్యూ అంటే బ్యాంకు తన గురించి తాను చెప్పుకునే లెక్క. 2015లో ఆర్‌బీఐ ఆస్తుల నాణ్యతను తవ్వి చూసేదాకా, మొండి బకాయిలు చాలావరకు మంచి అప్పులుగానే నడిచాయి. 2018 మార్చికి స్థూల మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. ప్రైవేటువాళ్లకీ మినహాయింపు లేదు. 2025 మార్చిలో ఇండస్‌ఇండ్ బ్యాంకు డెరివేటివ్ (కరెన్సీ, వడ్డీ రేట్ల లాంటి వాటి మీద కుదుర్చుకునే ఒప్పందాల) ఖాతాల్లో తేడా ఉందని, అది నికర విలువలో సుమారు 2.35 శాతమని ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే షేరు దాదాపు 27 శాతం పడింది.

యాంకర్: రెండు శాతం తేడాకి అంత పతనమా సార్?

మాజీ అధికారి: ఇంకేం దాగున్నాయో అన్న భయం అండీ.

విశ్లేషకురాలు: లాభం పెరిగినా షేరు పడొచ్చు. 2024 జనవరిలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఫలితాల మర్నాడు షేరు 8 శాతం పైనే తగ్గింది. 2023 జులైలో మాతృసంస్థ విలీనంతో పెద్ద అప్పుల పుస్తకం వచ్చిపడింది, డిపాజిట్లు ఆ స్థాయిలో రాలేదు. మార్కెట్ చూసింది అదే.

యాంకర్: వడ్డీ రేట్ల సంగతి?

విశ్లేషకురాలు: 2025లో రెపో, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 6.5 నుంచి 5.25 శాతానికి వచ్చింది. రెపోతో ముడిపడిన గృహరుణాల వడ్డీ త్వరగా తగ్గుతుంది. పాత ఎఫ్‌డీల మీద బ్యాంకు ఇచ్చేది మాత్రం గడువు తీరేదాకా తగ్గదు. రెపోతో ముడిపడిన అప్పులు ఎక్కువున్న బ్యాంకు మార్జిన్, అంటే వచ్చే వడ్డీకీ ఇచ్చే వడ్డీకీ మధ్య తేడా, ముందు నలుగుతుంది. రేట్లు తగ్గితే పాత బాండ్ల ధర పెరుగుతుంది కాబట్టి, బాండ్లు ఎక్కువున్నవాళ్లకి వాటి మీద ట్రెజరీ లాభాలు రావచ్చు, కానీ అవి ప్రతి త్రైమాసికం వచ్చేవి కావు.

కాలర్: అయితే నాది అమ్మేసి వాడిది కొనమంటారా?

విశ్లేషకురాలు: మీ పరిస్థితి తెలియకుండా ఆ మాట అనలేనండి. అయితే స్థూల ఎన్‌పీఏ (మొండి బకాయిల) శాతం తగ్గిందని మురిసిపోకండి. మొండి అప్పులు రైటాఫ్ చేసినా, అంటే పద్దుల్లోంచి కొట్టేసినా, కొత్త అప్పులు దండిగా ఇచ్చినా అది తగ్గుతుంది. ఈ త్రైమాసికంలో కొత్తగా ఎన్ని అప్పులు మొండిగా మారాయో, ఆ స్లిపేజీలు చూడండి.

మాజీ అధికారి: డిపాజిట్లు కూడా. మార్చి 31 అంకె నమ్మకండి. టార్గెట్ కోసం పెద్ద ఖాతాదార్ల చుట్టూ మేము తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. ఏప్రిల్ మొదట్లోనే ఆ డబ్బు వెళ్లిపోయేది.

యాంకర్: ఆ కథలకు వేరే ఎపిసోడ్ పెడదాం సార్!

కాలర్: మరి నిజమైన అంకె ఎక్కడ దొరుకుతుంది?

విశ్లేషకురాలు: కొన్ని బ్యాంకులు ఫలితాల ప్రెజెంటేషన్‌లో సగటు డిపాజిట్లు విడిగా ఇస్తాయి. రెండు బ్యాంకులవీ తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూడండి.

యాంకర్: థాంక్యూ సార్. ఎల్బీనగర్ నుంచి ఇంకో కాల్ ఉంది.